విప్పమంటే ల్యాప్‌టాప్‌కు కోపం!

పాడైంది ఒకే ఒక్క మీట. మార్చాల్సింది పైభాగం మొత్తం! ఊడింది చిన్న మడతబందు. బిల్లు చూస్తే గుండె గుభేల్‌! తప్పు వాడినవారిదా, బాగుచేసేవారిదా? చాలాసార్లు ఇద్దరిదీ కాదు. ఆ యంత్రాన్ని కాగితం మీద గీసిన రోజే దాని రిపేరు బిల్లు కూడా రాసేశారు.

సికింద్రాబాద్‌ పార్క్‌లేన్‌. కంప్యూటర్ల బజారుగా పేరుపడ్డ చెనాయ్‌ ట్రేడ్‌ సెంటర్‌ చుట్టుపక్కల ఏ రిపేరు దుకాణం ముందు నిలబడినా ఇలాంటి దృశ్యం ఒకటి కంటపడుతుంది.

ఇంజినీరింగ్‌ చదివే కొడుకుని వెంటబెట్టుకుని ఓ తల్లి వస్తుంది. సంచిలోంచి ల్యాప్‌టాప్‌ తీసి జాగ్రత్తగా బల్ల మీద పెడుతుంది.

‘‘స్పేస్‌బార్‌ పనిచేయట్లేదు బాబూ. ఎల్లుండి వీడు ప్రాజెక్టు ఇవ్వాలట. ఎంతవుతుంది?’’

మెకానిక్‌ దాన్ని తిరగేసి మోడల్‌ నంబరు చూస్తాడు. పెదవి విరుస్తాడు.

‘‘దీని కీబోర్డు విడిగా రాదమ్మా. పైప్లేటుకే అతికేసి ఉంటుంది. ప్లేటు మొత్తం మార్చాలి.’’

‘‘ఒక్క బటన్‌కేనా?’’

‘‘ఒక్క బటనైనా అంతే, అన్ని బటన్లయినా అంతే.’’

ధర విన్నాక ఆ తల్లి ముఖంలో రంగులు మారతాయి. చీటీ పాడుకుని కొన్న ల్యాప్‌టాప్‌ అది. చీటీ వాయిదాలు ఇంకా పూర్తికాలేదు. ల్యాప్‌టాప్‌ మాత్రం అప్పుడే మూలకు చేరేలా ఉంది. ‘మోసం చేస్తున్నాడేమో’ అన్న అనుమానంతో పక్క దుకాణానికి వెళ్తుంది. అక్కడా అదే మాట. మూడో దుకాణంలోనూ అదే. మోసం దుకాణంలో లేదు. డబ్బా లోపల ఉంది!

ఒకప్పుడు నాలుగు స్క్రూలు

2000ల నాటి ల్యాప్‌టాప్‌ని ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి. ఇటుకలా బరువు. కానీ దాని అడుగున రెండు గొళ్లాలు ఉండేవి. వాటిని పక్కకు జరిపితే బ్యాటరీ చేతిలోకి వచ్చేసేది. ర్యామ్‌కో చిన్న తలుపు, హార్డ్‌డిస్క్‌కో చిన్న తలుపు. వెనక నాలుగైదు స్క్రూలు తీసి, కీబోర్డును కాస్త పైకి లేపితే చాలు... కొత్తది పెట్టేయొచ్చు. ఆఫీసుల్లో ఎక్కువగా కనిపించిన థింక్‌ప్యాడ్ల సంగతైతే చెప్పనే అక్కర్లేదు. కీబోర్డు మీద నీళ్లు ఒలికితే అవి మదర్‌బోర్డు మీదికి పోకుండా కిందినుంచి జారిపోయేందుకు ప్రత్యేకంగా రంధ్రాలు పెట్టిన మోడళ్లు ఉండేవి. ఏ స్క్రూ తర్వాత ఏ స్క్రూ విప్పాలో బొమ్మలతో సహా చెప్పే పుస్తకాన్ని కంపెనీయే ఉచితంగా అందరికీ అందుబాటులో ఉంచింది.

ఇప్పుడు చాలా మోడళ్లలో కీబోర్డును పైప్లేటుకు ప్లాస్టిక్‌ మేకులతో బిగిస్తున్నారు. ప్లేటు మీద సన్నటి ప్లాస్టిక్‌ మొలకలుంటాయి. వాటిని కీబోర్డు రంధ్రాల్లోంచి పైకి తెచ్చి, వేడితో తల కరిగించి అణిచేస్తారు. ఫ్యాక్టరీలో యంత్రానికి అది క్షణాల పని. విప్పాలంటే మాత్రం డజన్ల కొద్దీ మేకుల్ని ఒక్కొక్కటిగా పెకలించాలి. కొత్త కీబోర్డు పెట్టాక బిగించడానికి ఆ మేకులు ఉండవు కాబట్టి మళ్లీ వేడిచేసి కరిగించాలి, లేదా జిగురు పూయాలి. ఎంత ఒడుపుగా చేసినా టైప్‌ చేస్తుంటే మధ్యలో కాస్త పల్లంగా అనిపిస్తుంది. పైగా ఆ కీబోర్డు దగ్గరికి చేరాలంటే ముందు బ్యాటరీ, ఫ్యాన్‌, మదర్‌బోర్డు అన్నీ బయటికి రావాలి. వంటింట్లో బల్బు మార్చడానికి ఇంటి పైకప్పు విప్పినట్టన్నమాట!

మడత దగ్గరే పేచీ

ల్యాప్‌టాప్‌ అంటేనే మడత. ఆ మడతే చాలా యంత్రాల కొంప ముంచుతోంది.

తెరను ఎత్తి దించే మడతబందు ఉక్కుతో చేసింది. అది బిగుతుగా ఉంటేనే తెర పడిపోకుండా నిలుస్తుంది. చవక మోడళ్లలో ఆ ఉక్కు ముక్కను ప్లాస్టిక్‌ డబ్బాకు బిగిస్తారు. ప్లాస్టిక్‌లో చిన్న ఇత్తడి నట్లు పొదిగి ఉంటాయి. స్క్రూలు పట్టుకునేది వాటినే. మూత తెరిచిన ప్రతిసారీ ఆ నట్లు పైకి లాగుతుంటాయి. రెండు మూడేళ్లకు మడతబందులోని గ్రీజు ఎండి ఇంకా బిగుసుకుంటుంది. ఉక్కుకీ ప్లాస్టిక్‌కీ మధ్య జరిగే ఈ పోటీలో గెలిచేదెవరో వేరే చెప్పాలా? ఓ రోజు ‘టక్‌’మని చప్పుడు. మూల దగ్గర డబ్బా నోరు తెరుస్తుంది.

చాలామంది అక్కడే పొరపాటు చేస్తారు. ‘పనిచేస్తోంది కదా’ అని అలాగే తెరిచి మూస్తుంటారు. విడిపోయిన మడతబందు తెర చుట్టూ ఉన్న చట్రాన్ని నెడుతుంది. లోపలి తీగను నలిపేస్తుంది. చివరికి తెరనే పగలగొడుతుంది. గోటితో పోయేదానికి గొడ్డలి తెచ్చుకోవడం అంటే ఇదే. అదే మడతబందును లోహపు చట్రానికి బిగించిన మోడళ్లయితే ఏళ్ల తరబడి చెక్కుచెదరవు. రెండింటికీ తేడా కొద్దిపాటి లోహం, కొంచెం ఆలోచన. అంతే!

ఛార్జింగ్‌ పిన్ను పెట్టే చోటుదీ ఇదే కథ. కొన్ని మోడళ్లలో ఆ సాకెట్‌ చిన్న తీగకో, విడి బోర్డుకో ఉంటుంది. ఊడితే అదొక్కటీ మార్చేస్తారు. మరికొన్నింట్లో నేరుగా మదర్‌బోర్డు మీదే సోల్డరింగ్‌ చేసి ఉంటుంది. కాలికి తీగ తగిలి లాగినప్పుడల్లా ఆ అదురు మదర్‌బోర్డుకే. సాకెట్‌ వదులైతే బోర్డు మొత్తం బయటికి తీసి, పాత అతుకును కరిగించి, కొత్తది పెట్టాలి. చేయి తిరిగినవాళ్లకే సాధ్యమయ్యే పని.

బల్ల వెనక కష్టాలు

దుకాణం బల్లకు ఇటువైపు నిల్చున్నవారికి బిల్లు మాత్రమే కనిపిస్తుంది. అటువైపు కూర్చున్న మెకానిక్‌ బాధలు వేరు.

మొదటి చిక్కు తెరవడమే. అడుగున కనిపించే స్క్రూలన్నీ తీసినా మూత రాదు. ఎందుకంటే రబ్బరు కాళ్ల కింద మరో రెండు దాగి ఉంటాయి. స్టిక్కర్‌ కింద ఇంకొకటి! ఆ రబ్బరు కాళ్లు ఒకసారి పీకితే మళ్లీ సరిగా అతుక్కోవు. స్క్రూలన్నీ తీశాక మూత చుట్టూ ప్లాస్టిక్‌ కొక్కేలు. వాటిని సన్నటి ప్లాస్టిక్‌ బద్దతో ఒక్కొక్కటిగా విడదీయాలి. ఒక్కటి విరిగినా ‘మేం ఇచ్చినప్పుడు బాగానే ఉంది కదన్నా’ అనే మాట పడాలి.

రెండోది స్క్రూల పొడవు. ఒకే మూతకు మూడు నాలుగు రకాల పొడవులు వాడతారు. పొట్టిది ఉండాల్సిన చోట పొడవుది బిగిస్తే అది మదర్‌బోర్డులోకి దిగి లోపలి గీతల్ని తెంపేస్తుంది. బాగుచేయడానికి తెచ్చిన యంత్రం బాగుచేసేవాడి చేతిలోనే పోతుంది! అందుకే అనుభవమున్నవాళ్లు అట్టముక్క మీద ల్యాప్‌టాప్‌ ఆకారం గీసుకుని, ఏ స్క్రూ ఏ చోటిదో అక్కడే గుచ్చి పెట్టుకుంటారు.

మూడోది దుమ్ము. మన రోడ్ల దుమ్ముకూ మన ఎండలకూ ఫ్యాన్‌ని అప్పుడప్పుడూ శుభ్రం చేయాల్సిందే. కొన్ని మోడళ్లలో వెనక మూత తీయగానే ఫ్యాన్‌ ఎదురుగా కనిపిస్తుంది. అరగంటలో పని పూర్తి. మరికొన్నింట్లో మదర్‌బోర్డును తిరగేసి బిగిస్తారు. ఫ్యాన్‌ ఉండేది దాని అవతల పక్క. వెంట్రుకంత పలచటి తలుపులున్న కనెక్టర్లు అరడజను ఊడదీసి, బోర్డు పైకెత్తితే తప్ప ఫ్యాన్‌ అందదు. వాటిలో ఏ ఒక్క తలుపు విరిగినా తెరో, టచ్‌ప్యాడో మూగబోతుంది. ఇంతా చేశాక వినిపించే మాట... ‘దుమ్ము దులపడానికి ఇంత తీసుకుంటావా!’

ఇక విడిభాగాలు. బోర్డులో ఎక్కడ ఏముందో చెప్పే సర్క్యూట్‌ బొమ్మలు మామూలు మెకానిక్‌ చేతికి రావు. కంపెనీల అధీకృత కేంద్రాల్లో చాలావరకు చిప్పు బాగుచేయరు, బోర్డే మార్చేస్తారు. అందుకే బయటి మెకానిక్‌లు చచ్చిన ల్యాప్‌టాప్‌లను పోగేసి వాటి అవయవాలతో వేరేవాటికి ప్రాణం పోస్తుంటారు. మన దేశంలో ఎన్నో యంత్రాలు ఇంకా బతికున్నాయంటే ఆ చేతుల పుణ్యమే.

జిగురు... అతుకు... అంతే సంగతులు!

2008 జనవరిలో స్టీవ్‌ జాబ్స్‌ వేదిక మీద ఓ గోధుమరంగు కవరులోంచి మ్యాక్‌బుక్‌ ఎయిర్‌ను బయటికి తీశారు. ప్రపంచం ముక్కున వేలేసుకుంది. ఆ సన్నదనం కోసం ర్యామ్‌ను బోర్డుకే అతికించేశారు. బ్యాటరీని లోపల దాచేశారు. 2012లో వచ్చిన రెటీనా తెర మ్యాక్‌బుక్‌ ప్రోలో బ్యాటరీని ఏకంగా జిగురుతో అంటించారు. పరికరాలను విప్పి చూసి పదికి ఇన్ని మార్కులని వేసే అమెరికా సంస్థ ఐఫిక్సిట్‌ దానికి వేసింది ఒక్క మార్కు! మిగతా కంపెనీలూ అదే దారి పట్టాయి. 2017లో వచ్చిన మైక్రోసాఫ్ట్‌ సర్ఫేస్‌ ల్యాప్‌టాప్‌కు అదే సంస్థ ఇచ్చింది గుండుసున్నా. చింపి, విరగ్గొడితే తప్ప లోపలికి దారిలేదు మరి.

బ్యాటరీ అనేది అరిగిపోయే వస్తువు. చెప్పులు అరిగినట్టే. మూడు నాలుగేళ్లు రోజూ వాడితే దాని శక్తి తగ్గడం ఖాయం. అలాంటిదాన్ని జిగురుతో అంటించడమంటే చెప్పుల్ని కాళ్లకు కుట్టేయడమే! బ్యాటరీ ఉబ్బితే ఇంకా ప్రమాదం. గుచ్చుకున్నా వంగినా మంటలు లేచే వస్తువును జిగురులోంచి పెకలించాలి.

ర్యామ్‌ అతికించి ఉంటే కొన్ననాటి కొలతే చివరిదాకా. డబ్బు తక్కువై 8 జీబీతో సరిపెట్టుకున్నవారు తర్వాత పెంచుకునే వీలుండదు. అన్నిటికన్నా బాధపెట్టేది స్టోరేజీ. అది కూడా బోర్డుకే అతుక్కుని ఉన్న మోడళ్లలో బోర్డు చనిపోతే దాంతోపాటే పెళ్లి ఫొటోలు, పిల్లల తొలి అడుగుల వీడియోలు, పరిశోధన పత్రాలు అన్నీ పోవచ్చు. పాత పద్ధతిలో డిస్కు ఊడదీసి వేరేదానికి తగిలిస్తే చాలు, అన్నీ తిరిగి కనిపించేవి. రిపేరు ఖర్చు లెక్కకట్టొచ్చు. లేని తాతయ్య గొంతుకు లెక్కెక్కడిది?

పెద్ద పేర్లకూ తప్పలేదు

డిజైన్‌లో చేసిన చిన్న తప్పు ఎంత దూరం వెళ్తుందో చెప్పే ఉదాహరణలు చాలానే ఉన్నాయి.

2008 జులైలో ఎన్విడియా సంస్థ ఓ విషయం ఒప్పుకుంది. ల్యాప్‌టాప్‌లలో వాడే తన గ్రాఫిక్స్‌ చిప్పుల్లో కొన్ని, వాటి తయారీకి వాడిన పదార్థం బలహీనంగా ఉండటంవల్ల చెడిపోతున్నాయని. అందుకోసం 15 నుంచి 20 కోట్ల డాలర్లు పక్కనపెట్టింది. ఆ చిప్పులేమో మదర్‌బోర్డుకే అతికి ఉన్నాయి. వేడెక్కి చల్లబడి, వేడెక్కి చల్లబడి... ఓ రోజు తెర చీకటి. వేడిగాలి పట్టిస్తే కొన్నాళ్లు బతికి మళ్లీ పోయేవి. ఆ రోజుల్లో ‘వారం క్రితమే చేయించాం, మళ్లీ పోయింది’ అని మెకానిక్‌తో పోట్లాడినవారు ఎందరో. పాపం, లోపం అతను చేసిన రిపేరులో లేదు.

2015 నుంచి 2019 దాకా యాపిల్‌ వాడిన ‘సీతాకోకచిలుక’ కీబోర్డుదీ అలాంటి కథే. మీటలు ఎంత సన్నగా ఉండేవంటే చిన్న దుమ్ముకణం దూరినా ఇరుక్కునేవి. ఒక మీట కోసం కొన్ని మోడళ్లలో బ్యాటరీ అంటించి ఉన్న పైభాగాన్నంతా మార్చాల్సి వచ్చేది. 2018 జూన్‌లో కంపెనీ ఉచితంగా బాగుచేసే పథకం పెట్టింది. 2019 చివర్లో పాత తరహా మీటలకు మళ్లడం మొదలుపెట్టింది. కొనుగోలుదారులు కోర్టుకెళ్లడంతో 2022లో 5 కోట్ల డాలర్లు చెల్లించి రాజీపడింది. తప్పు మాత్రం ఒప్పుకోలేదు.

2016 మ్యాక్‌బుక్‌ ప్రోలో తెరకు వెలుగునిచ్చే పలచటి తీగ మూత తెరిచి మూసినప్పుడల్లా రాసుకుని అరిగిపోయేది. తీగ విడిగా రాదు, తెరలోనే భాగం. చిన్న తీగ తెగితే తెరంతా మార్చాలి! 2018 మోడల్లో ఆ తీగ పొడవు సుమారు 2 మిల్లీమీటర్లు పెరిగిందని ఐఫిక్సిట్‌ కనిపెట్టింది. రెండంటే రెండు మిల్లీమీటర్లు!

కంపెనీల మాటా వినాలి

ఇదంతా కావాలని చేసే కుట్రేనా? పూర్తిగా అలా అనలేం. సన్నగా, తేలిగ్గా ఉండాలని కోరుకున్నది మనమే. విడిగా తీసే బ్యాటరీకి గట్టి డొక్కు కావాలి. ఆ చోటు మిగిలితే అక్కడ పెద్ద బ్యాటరీ పెట్టొచ్చు. బోర్డుకు అతికిన ర్యామ్‌ తక్కువ కరెంటుతో వేగంగా పనిచేస్తుంది. కొక్కేలూ జిగురూ వాడితే ఫ్యాక్టరీలో పని త్వరగా, చవగ్గా అవుతుంది. ఆ చవక కొంత మనకీ అందుతుంది.

కానీ సన్నదనానికీ రిపేరుకీ పుట్టుకతోనే వైరమేమీ లేదని కంపెనీలే నిరూపించాయి. సున్నా మార్కులొచ్చిన ఆ సర్ఫేస్‌ ల్యాప్‌టాప్‌నే మైక్రోసాఫ్ట్‌ 2019లో మార్చింది. కొన్ని స్క్రూలు తీస్తే పైభాగం చేతిలోకి వచ్చేలా, ఎస్‌ఎస్‌డీ మార్చుకునేలా చేసింది. మార్కులు 5కు పెరిగాయి. అమెరికాకు చెందిన ఫ్రేమ్‌వర్క్‌ 2021లో తెచ్చిన ల్యాప్‌టాప్‌లో ఒక్క స్క్రూడ్రైవర్‌తో తెర, కీబోర్డు, బ్యాటరీ, మదర్‌బోర్డు అన్నీ వాడేవారే మార్చుకోవచ్చు. 2024లో లెనోవో థింక్‌ప్యాడ్‌ టీ14 కొత్త తరం మోడల్‌ 10కి 9 మార్కులు తెచ్చుకుంది. మనసుంటే మార్గం ఉంటుందన్నమాట.

చట్టం కదిలింది

ఐక్యరాజ్యసమితి లెక్క ప్రకారం 2022లో ప్రపంచం 6.2 కోట్ల టన్నుల ఎలక్ట్రానిక్‌ చెత్తను పోగేసింది. అందులో పద్ధతిగా సేకరించి శుద్ధిచేసినట్టు లెక్కకు తేలింది 22.3 శాతమే. రిపేరుకు నోచుకోని వస్తువులు చేరేది ఆ గుట్టలోకే.

అందుకే ప్రభుత్వాలూ కదిలాయి. ఫ్రాన్స్‌ 2021 జనవరి నుంచి ల్యాప్‌టాప్‌లు సహా కొన్ని వస్తువుల ధర పక్కనే ‘రిపేరు మార్కులు’ చూపించాలని నిబంధన పెట్టింది. విప్పడం ఎంత తేలిక, విడిభాగాలు దొరుకుతాయా, వాటి ధరెంత అన్నవాటిని బట్టి పదికి ఇన్ని అని వేస్తారు. పరికరాల్లోని చిన్న బ్యాటరీలను కొన్ని మినహాయింపులతో వాడేవారే తీసి మార్చుకునేలా ఉంచాలన్న ఐరోపా సమాఖ్య నిబంధన అమలుకు పెట్టుకున్న తేదీ 2027 ఫిబ్రవరి 18.

మన దేశంలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జులైలో ‘రిపేరు హక్కు’పై కమిటీ వేసింది. అదే ఏడాది డిసెంబరు 24న, జాతీయ వినియోగదారుల దినోత్సవంనాడు, రిపేరు సమాచారాన్ని ఒకేచోట అందించే పోర్టల్‌ను ప్రారంభించింది. మొబైల్‌, ఎలక్ట్రానిక్స్‌ వస్తువులకు రిపేరు సూచీ ఎలా ఉండాలో చెప్పే నివేదిక 2025 మే నెలలో ఆ శాఖ చేతికి అందింది. కరెంటు ఎంత తింటుందో ఫ్రిజ్‌ మీది నక్షత్రాలు చెప్పినట్టే, ఎంత తేలిగ్గా బాగవుతుందో కొనేవారికి ముందే తెలియాలన్నది దీని వెనకున్న ఆలోచన.

కొనేముందు అడగండి

మన ఇళ్లలో ల్యాప్‌టాప్‌ కొనేటప్పుడు అడిగే ప్రశ్నలు... ర్యామ్‌ ఎంత, ధరెంత, బ్యాగు ఉచితమా? వీటికి ఇంకొన్ని జోడించండి.

* ర్యామ్‌ స్లాట్‌ ఉందా, బోర్డుకే అతికించారా? అతికించి ఉంటే, ఇప్పుడు కావాల్సినదానికన్నా కాస్త ఎక్కువే తీసుకోండి.

* ఎస్‌ఎస్‌డీ విడిగా ఊడి వస్తుందా?

* కీబోర్డు, బ్యాటరీ విడిగా మార్చొచ్చా? వాటి ధరెంత? కంపెనీ సర్వీసు కేంద్రానికి ఫోన్‌ చేసి అడిగితే చాలు, అసలు సంగతి తెలిసిపోతుంది.

* విప్పే పద్ధతి చెప్పే సర్వీసు పుస్తకం కంపెనీ సైట్‌లో అందరికీ దొరుకుతుందా? ఉంటే ఆ కంపెనీకి దాచాల్సిందేమీ లేదనే అర్థం.

* దుకాణంలో మూతను ఓ మూల పట్టుకుని నెమ్మదిగా తెరిచి చూడండి. డబ్బా వంగినా, కిర్రుమన్నా ఆలోచించండి.

కొన్నాక... మూతను ఎప్పుడూ మధ్యలో పట్టుకుని తెరవండి. మడత బిగుసుకుంటోందనిపిస్తే విరగకముందే చూపించండి. అడుగు భాగం ఉబ్బినట్టు కనిపిస్తే వాడటం, ఛార్జింగ్‌ పెట్టడం రెండూ ఆపేయండి. అన్నిటికన్నా ముఖ్యం... ఫొటోలు, పాఠాలు మరోచోట ఇంకో ప్రతి దాచుకోండి. రిపేరుకు ఇచ్చేముందు బిట్‌లాకర్‌ రికవరీ కీ రాసి పెట్టుకోండి. బోర్డు మారాక కంప్యూటర్‌ అది అడిగితే, ఆ కీ లేకుండా మీ ఫైళ్లు మీకే తెరుచుకోవు. వారంటీలో ఉండీ కంపెనీ పట్టించుకోకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌ 1915 ఉండనే ఉంది.

ఇంతకీ పార్క్‌లేన్‌లో ఆ తల్లీకొడుకుల సంగతి? ఇలాంటప్పుడు చాలామంది చేసేదే వారూ చేస్తారు. ప్లేటు మార్చే స్తోమత లేక, కొన్ని వందలు పెట్టి ఓ యూఎస్‌బీ కీబోర్డు కొనుక్కుంటారు. ఒళ్లో పెట్టుకుని వాడాల్సిన ల్యాప్‌టాప్‌ ఇక బల్లకే అంకితం. పక్కనే తోకలా ఓ కీబోర్డు. ప్రాజెక్టు మాత్రం గడువులోపే పూర్తవుతుంది.

వేసవిలో మట్టికుండ కొన్నా మనవాళ్లు వేలితో తట్టి, చప్పుడు విని మరీ కొంటారు. చీటీ పాడి కొనే ల్యాప్‌టాప్‌ని తట్టి చూడొద్దూ? ‘ఇది చెడిపోతే ఎలా బాగుచేస్తారు?’ అని అడిగే నోళ్లు పెరిగినప్పుడే, గీసే చేతులు జాగ్రత్తపడతాయి.